సంచీతో పాటు పిల్లల్నీ తీసుకెళ్ళండి



నేను ఏలూరు క్యాంపస్‌లో 6, 7, 8 తరగతులకు ఇంగ్లిష్ చెబుతాను. వారానికి నూట ఇరవై దాకా మీ పిల్లల నోట్‌బుక్కులు నా టేబుల్ మీదికి వస్తాయి. వాటిలో నేను గమనించిన ఒక విషయం మీతో చెప్పాలని ఈ నెల న్యూస్‌లెటర్‌లో ఈ పేజీలు అడిగి తీసుకున్నాను.

'ఎ విజిట్ టు ఎ మార్కెట్' అనే పేరాగ్రాఫ్ మీరూ చిన్నప్పుడు రాసే ఉంటారు. ఇప్పటికీ రాయిస్తున్నాం. నలభై మంది రాస్తే నలభై నోట్‌బుక్కుల్లోనూ ఒకటే మార్కెట్ ఉంటుంది. అక్కడ జనం చాలా ఎక్కువగా ఉంటారు. కూరగాయలు తాజాగా ఉంటాయి. రాసినవాడు చాలా ఆనందించి సాయంత్రం ఇంటికి తిరిగి వస్తాడు. గ్రామర్ తప్పు ఉండదు, మార్కులు తగ్గించడానికి కారణం దొరకదు. కానీ ఆ మార్కెట్ ఏలూరులో ఉందో, గూడెంలో ఉందో, కైకలూరులో ఉందో ఎవరూ చెప్పలేరు. అది గైడు పుస్తకంలో ఉన్న మార్కెట్.

"మా వాడికి ఊహాశక్తి తక్కువ మేడం, సొంతంగా ఒక్క వాక్యం రాయలేడు" అని పేరెంట్స్ మీటింగ్‌లో చాలామంది అంటుంటారు. నాకు అలా అనిపించదు. కన్ను చూసినదాన్ని, చెయ్యి తాకినదాన్ని మనసు అటూ ఇటూ తిప్పి కొత్తగా చేస్తుంది. దాన్నే మనం ఊహ అంటాం. చూడనిదాన్ని ఎలా తిప్పుతుంది? ఇప్పుడు చాలా ఇళ్ళకు కూరగాయలు ఫోన్‌లో ఆర్డరిస్తే కవర్లో వస్తున్నాయి. లేదంటే నాన్నగారు డ్యూటీ నుంచి వస్తూ దారిలో తెస్తున్నారు. పిల్లల కంట పడేసరికి అవి కూరైపోయి కంచంలో ఉంటున్నాయి.

అందుకని ఈ ఏడాది ఆ పేరాగ్రాఫ్ రాయించే ముందు పత్తేబాద రైతుబజార్‌కు వెళ్ళి ఒక బుట్ట నిండా కూరగాయలు కొని క్లాసుకు తీసుకెళ్ళాను. రైతుబజార్లు మన రాష్ట్రంలో 1999 జనవరిలో మొదలయ్యాయి. అంటే వాటి వయసూ నా వయసూ దాదాపు ఒకటే. చిన్నప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని తిరిగిన చోటు కాబట్టి నాకు అది కొత్త కాదు. మా 7వ తరగతి పిల్లల్లో సగం మందికి మాత్రం కొత్తే.

ముందు ఒక వంకాయ ఎత్తి చూపించి రంగేమిటని అడిగాను. "పర్పుల్ మిస్!" అని క్లాసంతా ఒకే గొంతుతో అరిచింది. ఇంకోసారి చూడమన్నాను. తొడిమ దగ్గర టోపీలా ఉండే ఆకుపచ్చ భాగాన్ని కొద్దిగా పైకి లేపి చూడమన్నాను. దాని కింద వంకాయ తెల్లగా ఉంది. ఎండ తగిలిన చోటే ఊదా రంగు బాగా పడుతుంది, టోపీ కప్పిన చోట పడదు అని చెప్పాను. చివరి బెంచీలోంచి ఒక అబ్బాయి, "వాచీ తీసేసినప్పుడు మా నాన్న చెయ్యిలా ఉంది మిస్" అన్నాడు. ఆ ఒక్క వాక్యం కోసం నేను రెండేళ్ళుగా ఎదురు చూస్తున్నాను. ఏ గైడులోనూ దొరకని పోలిక అది. వాళ్ళ నాన్నగారు ఎండలో పనిచేస్తారని, ఇంటికొచ్చాక వాచీ తీసి పెడతారని, ఆ అబ్బాయి రోజూ అది చూస్తాడని కూడా అందులోనే ఉంది.

ఇంకో సంగతి. ఇంగ్లిష్‌లో వాళ్ళకు వచ్చిన మాట ఒక్కటే, బ్రింజాల్. అదే తెలుగులో గుత్తి వంకాయ, పొడుగు వంకాయ, తెల్ల వంకాయ, ముళ్ళ వంకాయ, నీటి వంకాయ అని తలో పేరూ చెప్పారు. అవన్నీ అమ్మ దగ్గరా అమ్మమ్మ దగ్గరా విన్నవే. ఇంగ్లిష్ టీచర్నై ఉండి ఈ మాట చెబుతున్నాను: పిల్లలు చూసింది ముందు తెలుగులో చెప్పనివ్వండి. చెప్పాల్సిన సంగతి అంటూ ఉంటే దాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చే దారి చూపించడం మా పని. సంగతే లేకపోతే ఏ టీచరూ ఏమీ చేయలేరు.

తర్వాత చాకు తీసుకుని ఒక్కొక్కటీ అడ్డంగా కోసి చూపించాను. బెండకాయలో ఐదు గదులు. దోసకాయలో గింజలు మూడు వరసలుగా సర్దుకుని ఉన్నాయి. అరటిపండు తొక్క వలిచి కొసను వేలితో నొక్కితే సరిగ్గా మూడు పాయలుగా విడిపోయింది. ఇది క్లాసులో ఎవరికీ తెలియదు, రోజూ తినే పండే. నిమ్మకాయ చక్రం, ఉల్లిపాయ ఉంగరాలు, కాకరకాయ రంపపు అంచు, అన్నిటినీ రంగులో ముంచి కాగితం మీద అద్దుకున్నారు. మన ఏలూరు తివాచీల మీద పూలూ తీగలూ నేసేవాళ్ళు కూడా ముందు ఏదో ఒక పువ్వును ఇంత దగ్గరగా చూసే ఉంటారు కదా అని ఒకమ్మాయి అంది.

ఇంట్లో తాతమ్మలూ అమ్మమ్మలూ వేసే పొడుపు కథలు కూడా ఇలా చూడటంలోంచి పుట్టినవే. అందుకని తలా ఒకటి కొత్తది కట్టమన్నాను. "ఐదు గదుల ఇల్లు, గది గదికీ ముత్యాలు, తలుపు మాత్రం లేదు" అని బెండకాయ మీద ఒక జట్టు కట్టింది. దాన్ని ఇంగ్లిష్‌లో రాయడానికి ఒక పీరియడ్ అంతా కొట్టుకున్నారు. ఆ పీరియడ్‌లో నేర్చుకున్న ఇంగ్లిష్ వాళ్ళు మర్చిపోరని నా నమ్మకం.

ఆ రోజు బుట్టలో నేను కావాలని ఒక వస్తువు తెచ్చాను. కూరగాయలమ్మే అత్త పనికిరాదని పక్కన పడేసిన ముగ్గిన దొండకాయలు. మన కవులు పెదవులను దొండపండుతో పోల్చారు. కన్నులను చేపలతో, ముక్కును సంపెంగతో పోల్చారు. తెలుగు పాఠంలో ఇది చదివినప్పుడు పిల్లలు ముసిముసిగా నవ్వుతారు, ఎందుకంటే వాళ్ళకు తెలిసిన దొండకాయ పచ్చగా ఉంటుంది. పచ్చిగానే కోసి అమ్ముతాం, పచ్చిగానే వేపుడు చేస్తాం, పండు దాకా ఎవరూ ఆగరు. ముగ్గినది చీల్చి చూపిస్తే లోపల మెరిసే ఎరుపు. ఒక్కసారి అందరూ "ఓ" అన్నారు. వందల ఏళ్ళ నాటి పోలిక ఒక్క నిమిషంలో అర్థమైపోయింది. ఆ కవులు కూడా పాదు దగ్గర ఆగి చూసినవాళ్ళేనని వాళ్ళకు తెలిసింది.

యూరప్‌లో నాలుగు వందల ఏళ్ళ క్రితం అర్చింబోల్డో అని ఒక ఇటాలియన్ చిత్రకారుడు ఉండేవాడు. 1591 ప్రాంతంలో రుడాల్ఫ్ చక్రవర్తి బొమ్మను పూర్తిగా పళ్ళతో, కూరగాయలతో, ధాన్యపు కంకులతో వేశాడు. ముక్కు పియర్ పండు, బుగ్గలు ఎర్రటి పళ్ళు, జుట్టంతా ద్రాక్షలు, కంకులు. చక్రవర్తిని చూస్తున్నామా, సంతను చూస్తున్నామా తెలియదు. ఆ బొమ్మను స్మార్ట్ బోర్డు మీద చూపించి, మన ఊరి కూరగాయలతో ఒక ముఖం చేయమన్నాను. మునక్కాడ కనుబొమ్మలు, దొండపండు పెదవులు, బుడమకాయ ముక్కు, తోటకూర జుట్టు. ఒక జట్టు చేసిన ముఖం మా స్టాఫ్‌లో ఒకరిలా ఉందని గుసగుసలు వినిపించాయి. నాకు కూడా అలాగే అనిపించింది కానీ విననట్టు ఊరుకున్నాను.

ఇప్పుడు మా ఊరి సంగతి చెబుతాను. నేను పుట్టి పెరిగింది తాడేపల్లిగూడెంలో. గూడెం అంటే ఉల్లిపాయల మార్కెట్. కర్నూలు నుంచి, మహారాష్ట్ర నుంచి లారీలు దిగుతాయి. మా నాన్నగారు అక్కడ ఒక హోల్‌సేల్ కొట్టులో గుమాస్తా. ఉల్లిపాయను అరచేతిలో దొర్లించి, మెడ దగ్గర బొటనవేలితో నొక్కి, ఇది నెల ఆగుతుందా, వారంలో అమ్మేయాలా చెప్పేవారు. మెడ సన్నగా ఎండి ఉంటే ఆగుతుంది, లావుగా పచ్చిగా ఉంటే ఆగదు. సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా దులిపితే ఉల్లిపొట్టు రాలేది. గులాబీ, రాగి, బంగారం, ఎండుటాకు రంగు, ఒక్క చొక్కా మీద అన్ని రంగులు. ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదంటారు. మా ఇంట్లో ఆ మేలు నా బీఈడీ ఫీజు దాకా వచ్చింది.

ఆ పొట్టు గుర్తుకొచ్చి, సైన్స్ టీచర్‌తో కలిసి ఒక ప్రయోగం చేయించాం. మీ వంటింట్లో కూడా చేయొచ్చు. రెండు గుప్పెళ్ళ ఎండు ఉల్లిపొట్టును నీళ్ళలో వేసి అరగంట మరిగించి వడకట్టాలి. తెల్లని నూలు గుడ్డను ముందుగా పటిక నీళ్ళలో నానబెట్టి, తర్వాత ఈ రంగు నీళ్ళలో ముంచాలి. గుడ్డ పసుపు నుంచి తేనె రంగు దాకా మారుతుంది. పొట్టులో ఉండే క్వెర్సెటిన్ అనే పదార్థం రంగునిస్తుంది, పటిక ఆ రంగును నూలుకు పట్టి ఉంచుతుంది. అదే నీళ్ళలో తుప్పుపట్టిన మేకులు వేస్తే రంగు ముదిరి ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగు అవుతుంది. కొల్లేటికి అవతల కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ అద్దకం చేసేవాళ్ళు తరతరాలుగా చేస్తున్నది ఇలాంటి పనే. కరక్కాయ నీళ్ళు, పటిక, తుప్పు ఇనుమూ బెల్లమూ నానబెట్టిన నల్ల రంగు, దానిమ్మ తొక్కల పసుపు. మార్కెట్లో మనం తొక్కి వెళ్ళే చెత్తలో ఇంత రంగు ఉందని పిల్లలు వాసన పీలుస్తూ, ముక్కు మూసుకుంటూ తెలుసుకున్నారు. ఆ గుడ్డ ముక్కలతో బుక్‌మార్కులు చేసుకున్నారు. మీ అబ్బాయి పుస్తకంలో పసుపు గుడ్డ పీలిక కనిపిస్తే పారేయకండి.

ఇదంతా అందరికీ నచ్చిందని చెప్పను. ఒక హోంవర్క్ దగ్గర నాకు గట్టి ప్రశ్నే ఎదురైంది. "మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఒక వస్తువు మంచిదో కాదో ఎలా కనిపెడతారు? అడిగి రాయండి" అని ఇచ్చాను. ఒకమ్మాయి మాత్రం ఖాళీ పేజీ తెచ్చింది. కొల్లేటి లంక గ్రామం నుంచి వచ్చి, ఏలూరులో బంధువుల ఇంట్లో ఉండి చదువుకుంటుంది. తండ్రి వృత్తి అన్న చోట 'బిజినెస్' అని రాసి ఉంది. చేపలు ఐసులో సర్ది లారీలకు ఎక్కించే పని. ఆ మాట క్లాసులో తెలియడం ఆ పిల్లకు ఇష్టం లేదు.

తర్వాతి పేరెంట్స్ మీటింగ్‌కు ఆ నాన్నగారు వచ్చారు. కూర్చోకుండానే అడిగారు. "మేడంగారూ, మేం తెల్లారుజామున మూడింటికి లేచి ఐసులో చేతులు పెట్టేది దేనికండీ? మా పిల్ల ఆ ఐసులో చెయ్యి పెట్టకూడదని. ఇంత ఫీజు కట్టి ఇక్కడికి పంపిస్తే, మీరు మళ్ళీ చేపల గురించే రాయమంటారేంటండీ?"

ఆయన మాటలో తప్పేమీ లేదు. ఉల్లి మార్కెట్ దుమ్ములోకి నేను రాకూడదని మా నాన్నగారు కూడా అలాగే అనుకున్నారు. ఏ తండ్రైనా తన చేతుల నొప్పి పిల్లల చేతులకు అంటకూడదనే కోరుకుంటాడు. ఆ నొప్పితో పాటు ఆయనకున్న చూపు కూడా పిల్లకు అందకుండా పోతుందేమోనన్నదే నా బాధ. అదంతా చెప్పబోయి ఆగిపోయి, "తాజా చేపను ఎలా కనిపెడతారండీ?" అని అడిగాను.

ఆయన కొంచెంసేపు నా వైపు చూశారు. తర్వాత మొదలుపెట్టారు. కన్ను ఉబ్బి తేటగా ఉండాలండి, పాతబడితే లోపలికి పోయి మసకబారుతుంది. మొప్ప ఎత్తితే ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే కండ మళ్ళీ పైకి లేవాలి, గుంట పడితే వద్దు. బొచ్చెకు తల పెద్దది, దూరం నుంచే తెలుస్తుంది. శీలావతి పొలుసులో ఎర్రటి జీర ఉంటుంది. చెబుతూ చెబుతూ కుర్చీలో కూర్చున్నారు. గాలిలోనే చేపను పట్టుకుని తిప్పి చూపిస్తున్నారు. పక్కన నిలబడ్డ కూతురు వాళ్ళ నాన్న ముఖాన్ని చూస్తూ ఉండిపోయింది. ఇన్ని సంగతులు ఆయన ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదట, ఎవరూ అడగలేదు కాబట్టి.

సోమవారం నాడు ఆ అమ్మాయి ఇంగ్లిష్‌లో రాసుకొచ్చిన దానికి ఇది నా తెలుగు: "తాజా చేప కన్ను మనల్ని చూస్తుంది. నిన్నటి చేప కన్ను తనలోకి తాను చూసుకుంటుంది. మా నాన్న ప్రతి చేప కళ్ళలోకీ చూస్తారు. చేప వయసు మా నాన్నకు గంటల్లో తెలుసు. నా వయసు అడిగితే మాత్రం అమ్మను అడుగుతారు."

రెండు స్పెల్లింగ్ తప్పులున్నాయి. పదికి తొమ్మిది వేశాను. మన పాఠ్యపుస్తకాల్లో కొల్లేరు అంటే 1999లో అభయారణ్యం, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితా, ఆటపాక గూడబాతులు. ఇవి తెలిసి ఉండాల్సినవే, బిట్ పేపర్లో వస్తాయి కూడా. కానీ కొల్లేటి ఒడ్డున తెల్లారుజామున మూడింటికి మనుషులు ఏం చూస్తారో ఆ అమ్మాయి రాస్తేనే మాకు తెలిసింది. క్లాసులో తనే పైకి చదివి వినిపించింది. ఎవరూ ముక్కు మూసుకోలేదు. ఆ నెల డైరీలో వాళ్ళ నాన్నగారి సంతకం పక్కన ఒక లైను ఉంది: "చేపలు చాలు మేడం, లెక్కలు కూడా చూడండి." లెక్కల సార్‌కు చూపించాను, ఆయన చూస్తున్నారు.

మార్కుల సంగతి మీరూ అడుగుతారు. ఇలా రాసిన పిల్లలందరికీ మార్కులు పెరిగాయని నేను అనలేను. కొందరికి పెరిగాయి, కొందరికి అలాగే ఉన్నాయి. అయితే ఈసారి పేరాగ్రాఫ్‌లు దిద్దుతుంటే ఎవరిది ఎవరిదో పేరు చూడకుండానే తెలిసింది. ముందు ముందు ఇంటర్వ్యూలో అయినా, ఆఫీసులో అయినా, నలుగురిలో నిలబడి సొంతంగా నాలుగు మాటలు చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ తేడా పనికొస్తుందని అనుకుంటున్నాను.

మన గోదావరి జిల్లాల్లో దీనికి ఒక పాత ఉదాహరణ ఉంది. సుమారు వందేళ్ళ క్రితం రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు ప్రిన్సిపాల్‌గా ఉండేవారు. ఆయన స్వయంగా రచయిత, చిత్రకారుడు. మన నేల మీద ఇష్టంతో ఆయన రాసిన 'సౌత్ ఇండియన్ అవర్స్' పుస్తకం 1924లో వచ్చింది. దామెర్ల రామారావును, మన భీమవరం వైపు నుంచి వచ్చిన అడివి బాపిరాజును ప్రోత్సహించింది ఆయనే. రామారావు బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదవడానికి సాయం చేసిందీ ఆయనే. రామారావు 1925లో ముప్పై ఏళ్ళు నిండకుండానే పోయారు. అంత చిన్న వయసులో ఆయన వేసిన బొమ్మలు రాజమండ్రిలోని ఆయన పేరిట ఉన్న ఆర్ట్ గ్యాలరీలో ఇప్పటికీ ఉన్నాయి. అందులో ఉన్నది మన గోదావరి, మన మనుషులు. సెలవుల్లో పిల్లలకు చూపించండి. ఇంగ్లిష్ చదువు మన ఊరి నుంచి కళ్ళు తిప్పుకోమని చెప్పదని అక్కడ తెలుస్తుంది.

ఇక మీకు నా మనవి. ఈ ఆదివారం సంచీతో పాటు పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి. ఏలూరులో రైతుబజార్ కావచ్చు, నిమ్మకాయల మార్కెట్ కావచ్చు, గూడెంలో ఉల్లి కొట్లు కావచ్చు, మీ వీధి చివర బండి కావచ్చు. ఫోన్ ఇంట్లో పెట్టేసి వెళ్తే మంచిది. "దీన్ని ఇంగ్లిష్‌లో ఏమంటారు?" అని అక్కడ పరీక్ష పెట్టకండి. "ఇది దేనిలా ఉంది?" అని అడగండి. వింత జవాబు చెబితే నవ్వి ఊరుకోకండి, ఎందుకలా అనిపించిందో అడగండి. ఒక్క వస్తువును పిల్లలే ఏరి కొననివ్వండి. పుచ్చు వంకాయ ఇంటికొస్తే రావచ్చు, పది రూపాయల నష్టం. అమ్మే అత్తనో బాబాయినో "మంచిది ఎలా కనిపెడతారు?" అని అడగమనండి. బేరం తొందర లేని వేళైతే వాళ్ళు సంతోషంగా చెబుతారు.

ఇంటికొచ్చాక ఐదు వాక్యాలు రాయించండి. తెలుగులో రాసినా, ఇంగ్లిష్‌లో రాసినా, రెండూ కలిపి రాసినా సరే. స్పెల్లింగులు మీరు దిద్దకండి, ఆ పని నాకు వదిలేయండి. బొమ్మ వేస్తే కూడా తీసుకుంటాం. వచ్చే పేరెంట్స్ మీటింగ్ రోజున వాటన్నిటినీ 7వ తరగతి గది బయట బోర్డు మీద పెడుతున్నాం. పొడుపు కథలకు మాత్రం కింద జవాబులు రాయం. అవి తెలియాలంటే ఎవరు రాశారో ఆ పిల్లలనే పట్టుకుని అడగాలి. పావుగంట ముందే రండి.